కూర వండేదీ నేనే... తిననిదీ నేనే!

ఏమండీ, మీకో రహస్యం చెప్పనా? నవ్వకూడదు మరి! పదమూడేళ్ళుగా పొద్దున ఒక కూర, రాత్రికి ఒక కూర వండుతున్నాను. మా వారు లొట్టలేసుకుంటూ తింటారు. మా అత్తగారు ఏ వంకా పెట్టకుండా తింటారు (అదే పెద్ద సర్టిఫికెట్టు!). ఆ కూర తినని మనిషి ఇంట్లో ఒకరున్నారు. ఎవరో కాదు, వండిన నేనే.

బెండకాయ జిగురు. కాకరకాయ చేదు. సొరకాయ చప్పిడి. వంకాయ మరీ మెత్తన. కాబేజీ వాసన. ముల్లంగి సంగతి ఎత్తొద్దు. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందన్న సామెత నాలాంటి దాన్ని చూసే పుట్టుంటుంది. మరి ఏం తింటావమ్మా అంటారా? ముద్దపప్పు, ఆవకాయ, చేతికి అంటుకునేంత నెయ్యి. కూర అనిపించుకున్న వాటిలో బంగాళాదుంప వేపుడు, కరకరలాడేలా నూనెలో వేయించిన దొండకాయ. ఆఖర్న గడ్డ పెరుగు, మాగాయ. వేళకి ఇంత రుచిగా తిని, వొళ్ళొచ్చిందేమిటా అని ఆశ్చర్యపడడం కూడా నేనే!

ఇన్నేళ్ళు ఇది ఎలా సాగిందో మన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందరికీ వడ్డించి ఆఖర్న తింటాం. ఒక్కోసారి గట్టు దగ్గర నిలబడే కానిచ్చేస్తాం. మన కంచంలో ఏముందో ఎవరు చూడొచ్చారు? పైగా పిల్లలు వదిలేసిన పూరీ, మిగిలిన పులిహోర పారెయ్యడానికి చెయ్యిరాదు. అవీ మన ఖాతాలోకే. కూర మిగిలితే మాత్రం పనమ్మాయికి ఇచ్చేదాన్ని, ఎంత ఉదారురాలినో అనుకుంటూ!

మోకాలి నొప్పని వెళితే...

ఓ రోజు మోకాలు పట్టేసిందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మోకాలు చూడకముందే నన్ను బరువు తూచే మిషను ఎక్కించింది. 71 కిలోలు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. నడుము కొలత తీయించింది. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలట. నేను ఆ గీత ఎప్పుడో దాటి చాలా దూరం వచ్చేశాను. తరువాత రక్తపరీక్ష. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 వస్తే మధుమేహం. నాది నడిమధ్యన. "ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. తలుపు వేస్తారో, తీస్తారో మీ ఇష్టం" అందావిడ.

మా అమ్మకి షుగరు. పాదం మీద చిన్న పుండు లేచి ఏడు నెలలు మానలేదు. మందు మార్చి కట్టు కట్టింది నేనే. ఆ గుడ్డ వాసన ఇప్పటికీ నా ముక్కుకి గుర్తే. అందుకే ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటుంటే చెయ్యి వణికింది. ఆ సాయంత్రమే ప్రతిజ్ఞ చేశాను. రేపటినించీ మారిపోతాను!

రేపటినించీ అన్నవాళ్ళ సంగతి మీకు తెలిసిందేగా.

మొదటి ప్రతాపం

పక్కింటావిడ సలహా ప్రకారం పరగడుపున పచ్చి సొరకాయ రసం. మధ్యాహ్నం పెద్ద కంచం నిండా పచ్చి కారట్, కీరా, కాబేజీ తురుము. రాత్రి లంఖణం. సోమవారం దీక్షగా గడిచింది. మంగళవారం తలనొప్పి. బుధవారం పిల్లల మీద కేకలు. గురువారం రాత్రి పదకొండు గంటలకి, అందరూ పడుకున్నాక, డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి జంతికలు సగానికి పైగా ఖాళీ చేశాను. ఆ తరువాత వారం తూచుకుంటే అరకిలో పెరిగాను.

ఇక్కడ ఒక మాట, చాలా ముఖ్యం. సన్నబడతామని సొరకాయ రసం తాగే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే, ఆ రసం ఏమాత్రం చేదుగా ఉన్నా వెంటనే ఉమ్మేయండి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. వాంతులు, రక్త విరేచనాలయి ప్రాణం మీదికి వచ్చినవాళ్ళున్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. కూరకైనా సరే, సొరకాయ, బీరకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే అది చెత్తబుట్టకే. "మందు చేదుగానే ఉంటుంది" అని సరిపెట్టుకోకండి.

సరే, నా ప్రతాపం అలా ముగిసింది. 'మనవల్ల కాదులే' అనుకుని మళ్ళీ ముద్దపప్పు దగ్గరికే చేరాను. అప్పుడే ఆ ఆదివారం వచ్చింది.

తొమ్మిదేళ్ళ మా అమ్మాయి కాబేజీ కూరని వేలితో కంచం అంచుకి తోస్తోంది. "తిను, లేకపోతే లేవడానికి వీల్లేదు" అన్నాను కళ్ళెర్రజేసి. అది తల ఎత్తకుండానే "నువ్వూ తినవుగా అమ్మా" అంది. నాకు గొంతులో ముద్ద దిగలేదు. "నేనెప్పుడు తినలేదే?" అని గద్దించబోయాను. అప్పుడు మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, చాలా మామూలుగా, "పదమూడేళ్ళనించీ చూస్తున్నానమ్మా. పెద్దదానివి, చెబితే బాగుండదని ఊరుకున్నాను. దానికి చెప్పాలంటే ముందు నీ కంచం చూసుకోవాలి" అన్నారు.

ఎవరూ చూడట్లేదనుకున్నాను. అందరూ చూస్తూనే ఉన్నారు! అమ్మ నించి నాకు, నా నించి దానికి... ఆ మాట తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు నచ్చనిదేమిటి?

మర్నాడు పాత నోటు పుస్తకం ఒకటి తీసి, నాకు పడని కూరగాయల పేర్లన్నీ వరసగా రాశాను. పదకొండయ్యాయి. ఒక్కోదాని ఎదురుగా, అందులో నాకు నచ్చనిదేమిటో ఒక్క మాటలో రాశాను. చిత్రం చూశారూ, పదకొండింటికీ కారణాలు నాలుగే తేలాయి. చేదు, జిగురు, వాసన, చప్పిడి. పదకొండు కూరగాయలతో యుద్ధమంటే భయం గానీ, నాలుగు గుణాల సంగతి చూడడం వంట వచ్చినవాళ్ళకి ఏపాటి?

మరో మాట. కూరలు పడకపోవడం అంతా పొగరూ, గారాబమూ కాదు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఏదో పొడి కదుపుతుంటే అది గాలిలోకి లేచిందట. పక్కనున్న ఆయన "అబ్బ, చేదు" అన్నాడు. ఈయనకేమో ఏ రుచీ తెలియలేదు. చేదు అందరికీ ఒకేలా తెలియదని అలా బయటపడింది. దానికి కారణమైన జన్యువుని 2003లో గుర్తించారు. కాబేజీ జాతి కూరలు మీకు మరీ చేదనిపిస్తే అది మీ పుట్టుకలోనే ఉండొచ్చు. కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పిల్లల్నీ తిట్టకండి. అయితే అదొక వంకగానూ పెట్టుకోకండి! నాలిక నేర్చుకుంటుంది. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు కూడా పడుతుంది. ఒకసారి పెట్టి 'వీడు తినడండీ' అని వదిలేసేది మనమే.

ఇక నాలుగు గుణాలకీ నేను కనిపెట్టిన విరుగుళ్ళు:

చేదుకి: ఉప్పు చేదుని అణుస్తుంది. కాకరకాయని చక్రాలుగా తరిగి ఉప్పు రాసి అరగంట ఉంచి, పిండి, కడిగేయండి. తరువాత చింతపండు పులుసులో ఉడికించి, చిటికెడంటే చిటికెడే బెల్లం. ముద్ద బెల్లం వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

జిగురుకి: బెండకాయలు కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, ఆరాకే తరగండి. తడి తగిలితేనే జిగురు సాగుతుంది. మూకుడు బాగా కాలాక వేసి, మూత పెట్టకండి. ఉప్పు ఆఖర్న. చింతపండు పులుసుగానీ, నిమ్మరసంగానీ, పుల్లపెరుగుగానీ తగిలితే జిగురు తగ్గుతుంది.

వాసనకి: కాబేజీ ఎంతసేపు ఉడికిస్తే అంత వాసన. సన్నగా తరిగి, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు, మూత లేకుండా. పచ్చిమిర్చి, ఆవపోపు, దించాక నిమ్మరసం. ముల్లంగిని తురిమి పెరుగుపచ్చడి చేస్తే దాని పొగరు దిగుతుంది.

చప్పిడికి: సొరకాయ, బీరకాయ, పొట్లకాయలకి సొంత రుచి తక్కువ కదా, అదే మనకి లాభం. దేనిలో కలిపితే దానిలో కలిసిపోతాయి. పచ్చడిలోకో, అట్టులోకో పంపించేయండి!

లెక్క ఏమిటంటే...

కూరగాయలు తిన్నంత మాత్రాన కొవ్వు కరిగిపోదు. అలా చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. జరిగేదల్లా ఇదీ. నూరు గ్రాముల సొరకాయలో ఇరవై కేలరీలు కూడా ఉండవు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350. నూరు గ్రాముల నూనెలో 900. కడుపు నిండేది ఎంత తిన్నామన్నదాన్ని బట్టి, వొళ్ళొచ్చేది ఏం తిన్నామన్నదాన్ని బట్టి. కంచంలో కూర పెరిగితే అన్నానికి చోటు తగ్గుతుంది. అంతే రహస్యం. అదే కూరని నూనెలో ముంచి తీస్తే లెక్క తలకిందులు. ఇన్నాళ్ళూ నేను 'కూర' అనుకుని తిన్న దొండకాయ వేపుడు సంగతి అదే. బంగాళాదుంపలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. అది కూరల వరసలో కాదు, అన్నం పక్కన కూర్చోవాలి.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీల భోజనంలో ఏవి ఎంతుండాలో అందులో ఇచ్చారు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100. బియ్యం, గోధుమ, జొన్న, రాగులలాంటివన్నీ కలిపి 250. పప్పులుగానీ, గుడ్డు, మాంసంగానీ 85. పల్లీలు, నువ్వులలాంటి గింజలు 35. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు.

ఆ ఆఖరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. ఇంట్లో నలుగురం. నెలకి లెక్కేస్తే అందరికీ కలిపి సుమారు మూడున్నర లీటర్లు. నెయ్యి, వెన్న కూడా అందులోదే. మా ఇంటికి నెలకి ఎన్ని నూనె పాకెట్లు వస్తున్నాయో చూశాను. ఆరు! నెయ్యి వేరే. మీరూ ఒకసారి కిరాణా చిట్టీ తీసి చూడండి. కేలరీల పుస్తకాలు అక్కర్లేదు, ఆ చిట్టీయే అంతా చెబుతుంది.

తగ్గేది కూడా తొందర పడకూడదట. వారానికి అరకిలో చాలు. రోజుకి వెయ్యి కేలరీలకన్నా తక్కువ తినే కటిక ఉపవాసాలు వద్దనే వారు చెబుతున్నారు. నా గురువారం రాత్రి జంతికల కథ అందుకు సాక్ష్యం!

మా ఇంట్లో పాసయిన రెండు వంటలు

బీరకాయ-టమాటా పచ్చడి: లేత బీరకాయలు పావుకిలో, టమాటాలు రెండు, పచ్చిమిర్చి నాలుగు, వేయించిన నువ్వులు ఒక చెంచా, జీలకర్ర అరచెంచా, కొత్తిమీర గుప్పెడు. బీరకాయ ఈనెలు మాత్రం గీకి, తొక్క ఉంచేయండి. మూకుట్లో ఒక చిన్న చెంచా నూనె వేసి, మిర్చి వేగాక బీర, టమాటా ముక్కలు వేసి, సన్న సెగన మూత పెడితే వాటి నీళ్ళతోనే మగ్గిపోతాయి. నువ్వులు, జీలకర్ర, ఉప్పు ముందు నూరి, చల్లారిన ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరండి. ఇంకో అరచెంచా నూనెతో పోపు. ఇక్కడ కిటుకేమిటంటే, ఉప్పూ కారం మామూలు పచ్చడిలో సగమే వేయాలి. అప్పుడు అది నంజుకునే పచ్చడి కాదు, కూరలా గిన్నెడు తినే పచ్చడి. ఉప్పుగా చేస్తే దానికోసం మరో రెండు ముద్దల అన్నం లాగిస్తాం!

సొరకాయ పెసరట్టు: పెసలు ఒక గ్లాసు రాత్రి నానబోసి, అల్లం, పచ్చిమిర్చితో రుబ్బండి. అందులో ఒక గ్లాసు సొరకాయ తురుము, గుప్పెడు సన్నగా తరిగిన పాలకూర, జీలకర్ర, ఉప్పు కలపండి. తురుము నీరొదులుతుంది కాబట్టి పిండి రుబ్బేటప్పుడే గట్టిగా ఉండాలి. కలిపిన వెంటనే వేసేయండి. పెనానికి ఉల్లిపాయ చెక్కతో నూనె రాస్తే అట్టుకి అరచెంచా సరిపోతుంది. మా అమ్మాయి నాలుగో అట్టు తింటూ "ఇందులో ఏమేశావమ్మా?" అంది. సొరకాయని చెప్పాను. దాచలేదు. ఇంట్లో ఇకమీద రహస్యాలు వద్దనుకున్నాం కదా!

ఏమైంది చివరికి?

మొదటి మూడు వారాలు ముల్లు కదల్లేదు. ఏడుపొచ్చింది కూడా. నాలుగో వారం కిలో తగ్గింది. అన్నం హస్తంతో పెట్టుకోవడం మాని, ఒక చిన్న స్టీలు గిన్నె కొలతగా పెట్టుకున్నాను. పూటకి ఆ గిన్నెడే. ముందు నాలుగు ముద్దలు కూర ఒట్టిదే తినడం, తరువాతే అన్నం. నెయ్యి మానలేదు, ఒక చెంచా. ఆవకాయ మానలేదు, ఆదివారం. సాయంత్రం జంతికల బదులు జామకాయో, గుప్పెడు వేయించిన శనగలో. రాత్రి భోజనమయ్యాక మా వారితో అరగంట నడక. అయిదు నెలలకి 66 కిలోలకి దిగాను. పరీక్షలో 6.1 కాస్తా 5.8 అయింది. ఇంకా గుమ్మంలోనే ఉందట గానీ, ఒక అడుగు వెనక్కి వేసిందని డాక్టరమ్మ అంది. నేను తగ్గవలసింది ఇంకా ఉంది. మోకాలు మాత్రం మెట్లెక్కేటప్పుడు మునుపటంత అరవడంలేదు.

మీరు షుగరుకో, బీపీకో మందులు వాడుతున్నా, థైరాయిడ్ ఉన్నా, కడుపుతోనో బాలింతగానో ఉన్నా, తిండి మార్చేముందు డాక్టరుతో ఒక మాట అనండి. కొన్ని మందులకి తిండి తగ్గితే చక్కెర మరీ పడిపోతుంది.

పదకొండింటిలో ఎనిమిది తింటున్నాను. ముల్లంగితో ఇంకా మాటల్లేవు. కాకరకాయ, కాబేజీ మాత్రం పండగకి పలకరించుకునే చుట్టాల్లాగా ఉన్నాం. ఎనిమిది చాలవూ!

అన్నిటికన్నా పెద్ద మార్పు ఒకటుంది, అది వంటలో కాదు. ఆ ఆదివారం తరువాత మా అత్తగారు నాలుగు కంచాలూ ఒకేసారి పెట్టడం మొదలెట్టారు. "వడ్డన మధ్యలో గిన్నెలు పెడితే ఎవరికి వాళ్ళం పెట్టుకుంటాం. నువ్వూ కూర్చో" అన్నారు. మొదట్లో కాళ్ళు నిలవలేదు. ఇప్పుడు అలవాటయింది. మా అమ్మాయి నా కంచంలోకి తొంగి చూస్తుంది, నేను దాని కంచంలోకి. కూర ముందు ఎవరు పూర్తి చేస్తారో పందెం. చాలాసార్లు అదే గెలుస్తుంది. ఓడిపోయినందుకు ఇంత సంతోషించడం నాకిదే మొదలు.

మరి మీ కంచంలో ఏముంటోంది? ఈ పూట గట్టు దగ్గర నిలబడి కాకుండా, అందరితో కూర్చుని ఒకసారి చూసుకోండి. మీకు పడని కూర ఏమిటో, దాన్ని ఎలా లొంగదీశారో నాకు రాయండి. ముల్లంగికి మందు తెలిసినవాళ్ళు మరీ త్వరగా రాయాలి సుమా!